గరాజ్‌ని అమ్మకి గదిగా మారుద్దామనుకుంటున్నాం, టెక్సస్ ఫ్రిస్కోలో ఎవరైనా చేశారా?

తెనాలి_అమ్మాయి:

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మాది 2014లో కట్టిన రెండంతస్తుల ఇల్లు. పడగ్గదులు నాలుగూ పైనే. కింద వంటిల్లు, లివింగ్, వాకిలి పక్కన ఒక ఆఫీసు గది, గరాజ్ గోడకి ఆనుకుని ఒక హాఫ్ బాత్. అందులో కమోడ్, సింకు తప్ప ఏమీ లేవు. కొన్నప్పుడు పిల్లలు చిన్నవాళ్ళు, మాకు మోకాళ్ళు గట్టివి. కింద పడగ్గది ఉండాలన్న ఆలోచనే రాలేదు.

నాన్న పోయి ఏడాదిన్నర అయింది. నాకు సిటిజన్‌షిప్ వచ్చాక అమ్మకి గ్రీన్ కార్డు పెట్టాం, ఇప్పుడది చివరికొచ్చింది. అమ్మ ఇక ఇక్కడే ఉంటుంది. ఎడమ మోకాలు మార్పించాం, కుడిది ఇంకా మిగిలుంది. కిందటిసారి వచ్చినప్పుడు మెట్లు బానే దిగుతోందనుకున్నాను. ఒకరోజు మీటింగు మధ్యలో మంచినీళ్ళకని బయటికొస్తే, మెట్ల మీద కూర్చుని ఒక్కో మెట్టూ కిందికి జరుగుతోంది, చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని. నన్ను చూసి, "ఊరికే కూర్చున్నానే" అంది. మొత్తం పదహారు మెట్లు.

అందుకని గరాజ్ మీద పడ్డాం. 20 బై 20. పేరుకి రెండు కార్లది, ఉండేది ఒక్క కారు. రెండో వైపు పాత ఫ్రిజ్, కాస్ట్‌కో నీళ్ళ సీసాలు, నాలుగు సోనా మసూరి బస్తాలు, వినాయక చవితి మండపం సామాను, ఎవరూ ఎక్కని ట్రెడ్‌మిల్. వాటర్ హీటర్ కూడా ఒక మూల అక్కడే ఉంది, గ్యాస్‌ది.

ఒక కాంట్రాక్టరు వచ్చి చూసి వెళ్ళాడు. షట్టర్ తీసేసి గోడ కట్టి, మూల బాత్రూం పెట్టి, కింద కార్పెట్ వేసి 52 వేల డాలర్లు అన్నాడు. సిటీ పర్మిట్ సంగతి అడిగితే, "అది పెట్టుకుంటే రెండు నెలలు లేటు, ఇంటి లోపల పనేగా, ఎవరికి తెలుస్తుంది" అన్నాడు. మావారికి ఆ మాట నచ్చింది. నాకు నచ్చలేదు గానీ ఎందుకు నచ్చలేదో చెప్పలేకపోతున్నాను.

ఇంకో సంగతి. వీడియో కాల్‌లో గరాజ్ అంతా తిప్పి చూపించాను. అమ్మ నవ్వుతూనే, "అయితే గొడ్ల చావిట్లో నాకు మంచం వేస్తున్నావన్నమాట" అంది. ఆ నవ్వు తర్వాత నాకు రెండు రోజులు నిద్ర లేదు.

చేసినవాళ్ళు ఉంటే చెప్పండి. ఏం తెలిసి ఉంటే బాగుండేది అనిపించింది?

ప్లేనో_పాతకాపు:

మేం చేశాం. రెండు ముక్కల్లో చెప్తా.

మొదటిది, వడగళ్ళు. మన వైపు ఏప్రిల్, మే నెలలు ఎలా ఉంటాయో మీకు తెలుసు. గరాజ్ పోయాక రెండు కార్లూ డ్రైవేలోనే. ఒకే వానకి రెండింటి బోనెట్లూ ఇడ్లీ ప్లేట్లయ్యాయి. ఇన్సూరెన్సులో ముందు మనం పెట్టుకోవాల్సిన వాటా, డిడక్టిబుల్, రెండు కార్లకీ మన జేబులోంచే. గది ఖర్చు లెక్కేసేటప్పుడు ఇది ఎవరూ రాయరు.

రెండోది, ఎండ. మా షట్టర్ ఉన్న వైపు పడమర. ఇంటి ఏసీ డక్ట్‌నే ఒకటి అటు లాగారు. ఆగస్టులో మా మామగారు ఆ గదిలో పడుకోలేక లివింగ్‌లో సోఫా మీద పడుకునేవారు. ఆ ఏసీ లెక్క వేసింది ఇంటి వరకే, గరాజ్‌ని కలుపుకుని కాదు. చివరికి ఆ గది ఒక్కదానికే మినీ స్ప్లిట్ ఏసీ విడిగా పెట్టించాం, గరాజ్ పైన అటక మీద ఇన్సులేషన్ అప్పుడు కొట్టించాం. గోడలు మూసెయ్యక ముందే చేయిస్తే సగంలో పోయేది.

కార్పెట్ మాత్రం వద్దు. స్లాబ్ మీద తిన్నగా వేశారు, రెండో వర్షాకాలానికి ముక్కిన వాసన.

సిమెంటు_బాబాయ్:

అమ్మా తెనాలి అమ్మాయ్, ముందు ఒక పని చెయ్యి. గరాజ్ నేల మీద, షట్టర్ దగ్గరో లోపలి గోడ దగ్గరో, కాంక్రీట్‌లో అచ్చు గుద్దిన అక్షరాలేమైనా ఉన్నాయేమో వెతుకు. "పోస్ట్ టెన్షన్ స్లాబ్, కొయ్యరాదు, తొలచరాదు" అన్న అర్థంతో ఇంగ్లీషులో ఉంటుంది. నేను ఇక్కడ స్ట్రక్చరల్ పనిలో 22 ఏళ్ళుగా ఉన్నా. మాది కాకినాడ.

ఎందుకంటే మీ కాంట్రాక్టరు "మూల బాత్రూం" అని ఒక్క మాటలో తేల్చేశాడు చూడు, అసలు కథంతా అక్కడే. మన డాలస్ చుట్టుపక్కల నేల నల్లరేగడి లాంటిది. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంగుతుంది. తెనాలి పొలాల్లో ఎండాకాలం నెర్రెలు చూసిందానివేగా, అదే రకం. అందుకని ఇక్కడ చాలా ఇళ్ళకి స్లాబ్‌లో ఉక్కు తీగలు పరిచి, కాంక్రీట్ గట్టిపడ్డాక జాకీతో లాగి బిగిస్తారు. అర అంగుళం తీగ ఒక్కోదాన్నీ దాదాపు 33 వేల పౌండ్లు, అంటే 15 టన్నుల బలంతో లాగి పెట్టి ఉంచుతారు. కమోడ్ పైపు కోసమని ఎవడో రంపం పెట్టి ఆ తీగని తెంపాడనుకో, అది స్లాబ్‌ని చీల్చుకుని పైకి లేవచ్చు, ఇంటి అంచులోంచి బయటికీ దూసుకు రావచ్చు. పక్కన మనిషి ఉంటే అంతే సంగతులు. తర్వాత ఇల్లు ఎటు ఒరుగుతుందో అదింకో కథ.

కొయ్యకూడదని కాదు. కొయ్యచ్చు. ముందు రాడార్ స్కాన్ చేయించి, తీగలెక్కడ ఉన్నాయో నేల మీద సుద్దతో గీయించి, వాటి మధ్యలో కోస్తారు. స్కాన్‌కి కొన్ని వందల డాలర్లవుతాయి. పర్మిట్ వద్దన్న మనిషి స్కాన్ చేయిస్తాడా? నీకెందుకు నచ్చలేదో ఇప్పుడు తెలిసిందిగా.

ఇంకా రెండు మూడు ఉన్నాయి. గరాజ్ నేల ఇంటి నేల కంటే నాలుగైదు అంగుళాలు పల్లం. పైగా షట్టర్ వైపు వాలు పోస్తారు, కారు మీది నీళ్ళు బయటికి పోవాలి కదా. అడుగుకి ఎనిమిదో వంతు అంగుళం చొప్పున 20 అడుగులకి రెండున్నర అంగుళాలు. అంటే ఆ గదిలో మంచం కాళ్ళ కింద చెక్కలు పెట్టుకోవాలి, లేదా నేలంతా చెక్క చట్రం కట్టి సమం చెయ్యాలి. మీ కాంట్రాక్టరు కార్పెట్ వేస్తానన్నాడంటే ఆ వాలూ ఆ గడపా అలాగే వదిలేస్తాడన్నమాట. పదహారు మెట్లు తప్పించి, రాత్రి రెండింటికి బాత్రూంకి లేచినప్పుడల్లా ఒక మెట్టు పెడుతున్నారు. పడేది ఆ ఒక్క మెట్టు దగ్గరే.

గ్యాస్ హీటర్ పడగ్గదిలో ఉండకూడదు. బయటి గాలి తీసుకునే సీల్డ్ రకమైనా కావాలి, లేదా బయటి గాలి వచ్చేలా విడిగా గది కట్టి, దానంతటదే మూసుకునే తలుపైనా పెట్టాలి. కరెంటు ప్యానెల్ కూడా గరాజ్‌లోనే ఉందా? దాన్ని బాత్రూంలోకి గానీ బట్టల అల్మరాలోకి గానీ రానివ్వకు, దాని ముందు 3 అడుగులు ఖాళీ ఉండాలి.

ఇవన్నీ చేస్తే 52 వేలకి అవ్వదు తల్లీ.

తెనాలి_అమ్మాయి:

బాబాయ్ గారూ, ఇప్పుడే వెతికాను. షట్టర్ దగ్గర ఏమీ లేదు. మావారు "చూశావా, లేదు" అన్నారు. తర్వాత ట్రెడ్‌మిల్ జరిపాం, ఇద్దరం పట్టుకుంటే గానీ కదల్లేదు. దాని కింద చాప, చాప కింద పదేళ్ళ దుమ్ము. తడిగుడ్డతో తుడుస్తుంటే ఒక్కో అక్షరం వచ్చింది. మీరు చెప్పిందే. ఆయన ఏమీ మాట్లాడలేదు, ఫోన్‌లో ఫొటో తీసుకున్నారు.

ప్యానెల్ గరాజ్‌లోనే ఉంది. సరిగ్గా ఆ మనిషి బాత్రూం గీసిన మూలలో.

ఫ్రీమాంట్_బుజ్జి:

మేం కాలిఫోర్నియాలో చేశాం అక్కా. ఇక్కడ గరాజ్‌ని ఏడీయూగా మారిస్తే, అంటే వంటగదితో సహా విడి ఇల్లులా చేస్తే, పోయిన పార్కింగ్‌కి బదులు చూపించమని సిటీ అడగకూడదు, రాష్ట్ర చట్టమే ఉంది. హెచ్‌ఓఏ, అంటే కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం, కూడా మొత్తానికే వద్దనడానికి లేదు. పూర్తి అప్లికేషన్ ఇచ్చాక 60 రోజుల్లో తేల్చాలి. మా అత్తగారు అందులోనే ఉంటున్నారు, సొంత పొయ్యి ఉంది కాబట్టి ఆవిడ ఉప్మా ఆవిడదే, మా గొడవ లేదు. మీకూ అలాంటిదేదైనా ఉంటే చూడండి.

సిమెంటు_బాబాయ్:

బుజ్జీ, నువ్వు చెప్పింది నిజమే కానీ అది మీ రాష్ట్రంలో. టెక్సస్‌లో ఆ చట్టం లేదు. ఇక్కడ సిటీ ఏమంటుందో, హెచ్‌ఓఏ కాగితాల్లో గరాజ్ గురించి ఏం రాసుందో రెండూ చదవాలి. షట్టర్ తీసి ఇటుక గోడ కడితే ముందు వైపు రూపం మారుతుంది, అక్కడ హెచ్‌ఓఏ పట్టుకుంటుంది. పన్ను కోసం కౌంటీ వాళ్ళు లెక్కేసే ఇంటి విలువ కూడా పెంచుతారు. హోమ్‌స్టెడ్ కింద, అంటే మనమే ఉండే సొంతింటికిచ్చే పన్ను రాయితీ కింద, ఏడాదికి 10 శాతం మించి పెంచకూడదన్న రక్షణ కొత్తగా కట్టిన భాగానికి వర్తించదు.

నెల్లూరు_పెద్దమ్మ:

మా మనవడు ఈ పేజీ తెరిచి ఇచ్చాడు. నేను చెప్తుంటే వాడు టైపు కొడుతున్నాడు, తప్పులుంటే వాడివి.

నాకు 71. హ్యూస్టన్‌లో మా అమ్మాయి ఇంట్లో మూడేళ్ళు గరాజ్ గదిలో ఉన్నాను. ఇప్పుడు అబ్బాయి దగ్గర ఉన్నాను. గది బాగానే ఉండేది. ఏసీ, టీవీ, నా దేవుడి గూడు. తక్కువ చేశారని నేననను.

కానీ అమ్మాయ్, మీ అమ్మ చావిడి అన్నదంటే నవ్వులాటకి కాదు. మా ఇంట్లో చావిట్లో మా మామగారు పడుకునేవారు, ఆయన ఇష్టంగానే. ఎందుకంటే చావిడి వీధి మొహాన ఉండేది. పాల వాడు, పేపరు వాడు, పొలానికెళ్ళే వాళ్ళు, అందరూ ఆయన్ని పలకరించి వెళ్ళేవాళ్ళు. ఇంట్లో ఏం జరిగినా ముందు ఆయనకే తెలిసేది. నా గరాజ్ గదికి ఉన్న కిటికీ పక్కింటి గోడ వైపు. షట్టర్ ఉన్నచోట గోడ కట్టేశారు, కిటికీ పెడితే బయటికి బాగుండదన్నారు. పొద్దున మా అల్లుడు కారు తీసిన చప్పుడు వినేదాన్ని, పిల్లలు బడికి పోయిన చప్పుడు వినేదాన్ని. చూసేదాన్ని కాదు. వంటింటికి వెళ్ళాలంటే బట్టల మిషన్లు ఉన్న నడవా దాటి తలుపు తియ్యాలి. ఆ తలుపు బరువు, వదిలితే దానంతటదే మూసుకునేది. చేతిలో కాఫీ గ్లాసుతో ఆ తలుపు తియ్యడం నాకు చేతనయ్యేది కాదు. అందుకని కాఫీ వాళ్ళే తెచ్చి ఇచ్చేవాళ్ళు. నేను హోటల్లో దిగినట్టు ఉండేది.

2021 ఫిబ్రవరిలో కరెంటు పోయి గడ్డకట్టిన రోజుల్లో ఆ గది గోడలో నీళ్ళ పైపు పగిలింది. మూడు రోజులు అందరం ఒకే గదిలో లివింగ్‌లో పడుకున్నాం, దుప్పట్లన్నీ కప్పుకుని. నవ్వుతారేమో గానీ ఆ మూడు రోజులూ నాకు బాగుంది.

మీ అమ్మకి కిటికీ ఎటు పెడుతున్నారో ముందు చూడండి. టైల్సు తర్వాత.

ప్లేనో_పాతకాపు:

పెద్దమ్మగారూ, ఆ తలుపు దానంతటదే మూసుకోవడానికి కారణం ఉంది. గరాజ్‌కీ ఇంటికీ మధ్య నిప్పు ఆపే తలుపు అది, చాలా చోట్ల స్ప్రింగు పెడతారు. గరాజ్ గది అయిపోయాక దాన్ని మామూలు తలుపుగా మార్చుకోవచ్చు. మాది కూడా మార్చలేదు. మీరు చెప్పాక గుర్తొచ్చింది, మా మామగారు దానికి ఎప్పుడూ చెప్పు అడ్డం పెట్టేవారు.

తెనాలి_అమ్మాయి:

పెద్దమ్మ గారూ, మీ పోస్టు మావారికి చదివి వినిపించాను. ఏమీ అనలేదు. కాసేపటికి లేచి వెళ్ళి ఆఫీసు గదిలో లైటు వేసి నిలబడ్డారు.

బాబాయ్ గారూ, ఒక ప్రశ్న. ఆఫీసు గది 11 బై 12, వీధి వైపు పెద్ద కిటికీ. ఆయన ఇంటి నుంచి పని చేసేది వారానికి రెండు రోజులే. ఆ గదిని అమ్మకిచ్చేసి, గరాజ్‌లో కాస్త తీసుకుని హాఫ్ బాత్‌ని పెద్దది చేస్తే కుదురుతుందా? ఆఫీసు గది తలుపు నుంచి హాఫ్ బాత్‌కి టేపు పెట్టి కొలిచాను, 14 అడుగులు. మధ్యలో మెట్టు లేదు.

సిమెంటు_బాబాయ్:

ఇదీ ప్రశ్నంటే! ఇన్ని పోస్టులు ఎందుకు రాయించావమ్మా?

కుదురుతుంది. కమోడ్ పైపు ఎలాగూ అక్కడే ఉంది, దాన్ని కదపక్కర్లేదు, అందులోనే సగం ఖర్చు మిగిలింది. గరాజ్ వైపు గోడ జరిపి 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు ముక్క లోపలికి కలుపుకో. అందులో షవర్, ఒక కూర్చునే బల్ల. ఇక్కడ గరాజ్ పల్లంగా ఉండటమే నీకు కలిసొచ్చింది. ఆ ముక్కలో నేలని ఇంటి మట్టానికి లేపుతారు, కాబట్టి కింద పైపుకి నాలుగైదు అంగుళాలు దొరుకుతుంది. షవర్ కింద వంపు పైపుకి, ట్రాప్ అంటారు, అది చాలకపోతే అక్కడొక్క చోట చిన్న గుంట కొయ్యాలి, స్కాన్ చేశాకే. గడప లేని షవర్ కావాలని ఇప్పుడే చెప్పు, తర్వాత అడిగితే నేల మళ్ళీ తవ్వుతారు.

చూసుకోవాల్సినవి: ఆ గోడ మీద పై అంతస్తు బరువు ఉందేమో ఇంజనీరు చేత చూపించు, ఉంటే బీమ్ పెట్టాల్సి వస్తుంది. కొత్త గోడకి గరాజ్ వైపు కనీసం అర అంగుళం డ్రైవాల్, అంటే జిప్సం పలక, సందు లేకుండా వెయ్యాలి, అది నిప్పుకీ కారు పొగకీ అడ్డం. పైపులు ఆ గోడలో పోతుంటే ఇంటి వైపు ఉంచి ఇన్సులేషన్ వాటి వెనక పెట్టించు, పెద్దమ్మగారు చెప్పిన ఫిబ్రవరి గుర్తుందిగా. పట్టుకునే కడ్డీలకి డ్రైవాల్ వెయ్యక ముందే లోపల చెక్క దిమ్మలు పెట్టించు. కడ్డీలు ఇప్పుడే బిగించక్కర్లేదు, దిమ్మలు మాత్రం ఉండాలి. ఎక్కడెక్కడ ఉన్నాయో ఫొటో తీసి పెట్టుకో.

ఆఫీసు గది పడగ్గది అవుతోంది కనక పొగ అలారం గదిలోపల ఒకటి ఉండాలి. కిటికీ కింది అంచు నేల నుంచి 44 అంగుళాలు మించకూడదు, తెరిస్తే మనిషి పట్టేంత సందు, కింది అంతస్తుకి 5 చదరపు అడుగులు ఉండాలి. కొన్ని ముందు వైపు కిటికీలు అందానికే, తెరుచుకోవు. ఇప్పుడే వెళ్ళి తెరిచి చూడు.

కారుకి కూడా చోటు మిగులుతుంది. బియ్యం బస్తాలు మాత్రం ఇంకెక్కడైనా చూసుకో.

తెనాలి_అమ్మాయి:

మూడు వారాల తర్వాత వచ్చాను, క్షమించండి. కిటికీ తెరుచుకోవట్లేదు, బాబాయ్ గారు అనుమానించినట్టే. రెండు పలకల్లో ఒకదాన్ని తెరిచేదిగా మారుస్తున్నాం. ఇంకో కాంట్రాక్టరు దొరికాడు, పర్మిట్ తనే తీస్తానన్నాడు, స్కాన్ మాట ఎత్తితే "అది లేకుండా నేను రంపం ముట్టుకోను" అన్నాడు. అంతే, ఆయనకే ఇచ్చేశాం. మొత్తం 31 వేలు, కిటికీతో కలిపి. హెచ్‌ఓఏకి కిటికీ ఫొటో పంపాం, ముందు వైపు ఇంకేమీ మారట్లేదు కాబట్టి వాళ్ళ గొడవ అంతటితో సరి. స్కాన్ వాళ్ళు నిన్న వచ్చారు. గరాజ్ నేల మీద ఎర్ర గీతలు గీసి వెళ్ళారు. మా చిన్నాడు వాటి మధ్యలో తొక్కుడుబిళ్ళ ఆడుతున్నాడు.

అమ్మకి ఆఫీసు గది చూపించాను, వీడియోలోనే. కిటికీలోంచి ఎదురింటి వాళ్ళ కుక్క, చెత్త బండి, మా పెద్దది బస్సు దిగి రావడం, అన్నీ కనిపించాయి. అమ్మ ఏమీ అనలేదు. "మంచం కిటికీ కింద వెయ్యకే, చలికాలం మెడ పట్టేస్తుంది. పక్కన వేసి, కిటికీ దగ్గర నా ప్లాస్టిక్ కుర్చీ వెయ్యి" అంది. ఆ కుర్చీ తెనాలిలో ఉంది. అమెరికాకి కుర్చీ ఎలా తెస్తావమ్మా అంటే, అక్కడ కుర్చీలే దొరకవా అని నన్నే అడిగింది.

సిమెంటు_బాబాయ్:

బాత్రూం తలుపు డ్రాయింగ్‌లో ఎంత వేశారు? 30 అంగుళాలు అని ఉంటే 36 చేయించు. రేపు కుడి మోకాలు ఆపరేషన్ అయ్యాక వాకర్ పట్టాలి. లోపలికి తెరుచుకునే తలుపు పెట్టించకు, మనిషి లోపల పడితే తలుపు తియ్యలేం.

తెనాలి_అమ్మాయి:

28 వేశారు బాబాయ్ గారూ, లోపలికే తెరుచుకుంటోంది! ఇప్పుడే ఫోన్ చేస్తున్నాను.